ఒంటి సీటు రేకు పడవ

అర్డిస్‌తో కలిసి చేపలకు వెళితే గాలం ఆవిడది, గాలి నాది. పక్కపక్కనే కూర్చుంటాం, ఒకే ఎర వేస్తాం. చేపలు మాత్రం మా ఆవిడ వైపే వెళతాయి.

అంతటితో ఊరుకోదు. ఆదివారం చర్చిలో కాఫీ తాగుతూ అందరికీ చెబుతుంది. "మా ఓర్లిన్‌కీ ఒకటి పడిందిలెండి. పాపం, చిన్నదే. వదిలేశాడు." ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను వదిలేసిన చేపలతో మా మిన్నెసోటాలో ఇంకో సరస్సు నింపవచ్చు.

అందుకే ఈ ఏడు మంచు కరగకముందే పథకం వేశాను. పాత రేకు పడవ ఒకటి కొని, బాగుచేసి, అందులో ఒక్కటే సీటు బిగించాలి. కూర్చోవడానికి చోటే లేకపోతే ఎవరు మాత్రం వస్తారు?

పడవ ఒక కోళ్ల రైతు దగ్గర దొరికింది. పద్నాలుగు అడుగుల అల్యూమినియం. పన్నెండేళ్లుగా అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఇంటికి తెచ్చాక అర్డిస్ ముక్కు మూసుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇందులోంచి నీళ్లలో పడవు కదా?"

"పడవు కాబట్టే దాన్ని పడవ అన్నారు."

"మరి కారేదాన్ని ఏమంటారు?"

కారే చోటు తెలియాలంటే పడవను బల్లల మీద పెట్టి లోపల నీళ్లు పోయాలి. పోశాను. రేకులను కలిపి పట్టే మేకుల్లాంటి రివెట్లలో నలభై మూడింటి నుంచి సన్నటి ధారలు వచ్చాయి.

"పూలమొక్కల మధ్య పెట్టుకో. నీళ్లు పోసే పని తప్పుతుంది," అంది. అంటూనే మైనపు పెన్సిలు తెచ్చి కారిన చోటల్లా సున్నా చుట్టింది.

రివెట్ బిగించడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, బయట ఒకరు సుత్తితో కొట్టాలి. ఆవిణ్ణి ఎక్కనివ్వకూడదని బాగుచేస్తున్న పడవకు ఆవిడే దిమ్మ పట్టింది. నా మనస్సాక్షి కూడా అక్కడక్కడా కారింది. దానికీ ఓ రివెట్ కొట్టాను.

తర్వాత ఆకుపచ్చ రంగు వేశాను. ముందు భాగంలో చెక్క పరిచి, తివాచీ అంటించాను. ముక్కు దగ్గర కాలితో తొక్కి తిప్పే చిన్న బ్యాటరీ మోటారు, వెనక పెట్రోలు ఇంజను. ఇంజను పక్కనే నా ఏకైక సీటు.

"ఒక్కటే పెట్టావేం?"

"పాత రేకు కదే. బరువు ఆగదు."

"ఎవరి బరువు?"

"అబ్బే, సీటు బరువు!"

"మంచిది. ఇక శనివారాలు హాయిగా పడుకుంటాను." చక్కగా నవ్వింది. నేను భయపడాల్సింది పోయి సంబరపడ్డాను.

వాలై చేపల సీజను మొదలైన రోజు ఊరంతా రేవులోనే ఉంది. ట్రక్కు వెనక్కి తీసుకెళ్లడానికి అర్డిస్ కూడా వచ్చింది. నేను వెనక కూర్చుని ఇంజను అందుకున్నాను. పడవ ముక్కు గుర్రంలా పైకి లేచింది. నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. రెల్లులోకి దూసుకుపోయాక ఆగాను.

"ఓర్లిన్! ఎగరడానికి లైసెన్సు ఉందా?" అని అరిచాడు పక్కింటి థార్వల్డ్.

వెనక్కి వచ్చి, ముక్కు కిందికి దిగాలని నీళ్ల డబ్బాలు రెండు ముందు పెట్టాను. మొదటి మలుపులోనే అవి ఒక పక్కకు దొర్లాయి. పడవ వంగింది. చేతులు ఊపుతూ గిర్రున రెండు చుట్లు తిరిగాను. పలకరిస్తున్నాననుకుని జనం కూడా చేతులు ఊపారు.

రేవుకు చేరి, ట్రక్కులో స్వెట్టరు అల్లుకుంటున్న మా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"అర్డిస్, కాస్త ముందు కూర్చుంటావా?"

"సీటు లేదుగా."

"దుప్పటి వేస్తాను."

"బరువు ఆగదన్నావుగా."

"ఆగుతుంది. అసలు బరువే కావాలి!"

రేవంతా మా వైపు తిరిగింది. నోరు జారిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఏమిటీ?"

"అంటే... నువ్వే కావాలి."

"అలా రా దారికి." దిగివచ్చి, ట్రక్కు సీటు వెనక నుంచి మెత్తటి కుర్చీ ఒకటి తీసింది. దాని కింద పలక, నాలుగు బోల్టులు. నేను పరిచిన చెక్కకు అచ్చంగా సరిపోయాయి.

"ఇదెప్పుడు కొన్నావు?"

"నువ్వు సీటు బిగించిన మర్నాడు. ఇంజనూ వెనకే, నువ్వూ వెనకే. ముక్కు లేవక ఏం చేస్తుంది? నువ్వు అడుగుతావేమోనని చూశాను."

ఆవిడ కూర్చోగానే పడవ బుద్ధిగా చదునైంది. సరస్సు మధ్యకు వెళ్లి పెట్రోలు ఇంజను ఆపేశాక ముందున్న మోటారు తొక్కేది ఆవిడ కాలే. ఎటు తొక్కితే అటు వెళ్లాను. మధ్యాహ్నానికి ఆవిడకు నాలుగు పెద్ద వాలైలు పడ్డాయి. నాలుగింటినీ బుట్టవలతో ఎత్తింది నేనే. అడుగున మాత్రం చుక్క నీరు లేదు. ఎండ వీపుకు వెచ్చగా తగులుతోంది. ఆవిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. చెప్పకూడదు కానీ, ఓడిపోయినవాడికి ఇంత సుఖమా అనిపించింది.

సాయంత్రం థార్వల్డ్ మా గరాజుకు వచ్చాడు. తనూ ఒక పాత రేకు పడవ కొన్నాడట. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఓర్లిన్, ఒక్కటే సీటు పెడదామని ఉంది. ఏమంటావు?"

నేనూ గొంతు తగ్గించాను. "రెండు పెట్టు. ముందుది మెత్తగా ఉండాలి."