నందినికి ఎన్ని మూలలు?

పిల్లలకు మూలలుండాలి! ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. ఈ మాట ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోయి క్రికెట్ స్కోరు చూసుకోవచ్చు.

ఒకటో తరగతి పిల్లల్ని ఎ సెక్షన్, బి సెక్షన్ అని విడదీయడం ఎంత మోటు పద్ధతి! బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన కొత్తగా వెలిసిన ఒక స్కూలు ఆ మోటుతనాన్ని ఒక్క దెబ్బతో వదిలించుకుంది. అక్కడ సెక్షన్లకు ఆకారాల పేర్లు పెట్టారు. సర్కిల్, ట్రయాంగిల్, స్క్వేర్, పెంటగన్, హెక్సగన్. భుజాలూ మూలలూ లెక్కపెట్టి ఏది ఏ ఆకారమో చెప్పడం ఎలాగూ పాఠంలో ఉన్నదే. ఆ పాఠమేదో పిల్లల మీదే వేసేస్తే పోలా?

ఈ విధానం గొప్పతనం బేకరీ ఢిల్లీబాబుకు మొదట్లో అర్థం కాలేదు. కూతురు నందినిని సర్కిల్ సెక్షన్లో వేశారంటే మురిసిపోయాడు. బన్ను గుండ్రం, కేకు గుండ్రం, కూతురూ సర్కిల్! ఇంకేం కావాలి?

పక్కింటి గంగాధరం వచ్చి కళ్లు తెరిపించాడు. గంగాధరం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆయన కొడుకు పెంటగన్.

"సర్కిల్‌కు ఒక సైడూ లేదు, ఒక మూలా లేదప్పా. అన్నిటికంటే ఆఖరి సెక్షన్ అది," అన్నాడు ఎగ్ పఫ్ కొరుకుతూ.

ఆ పూట ఢిల్లీబాబుకు అన్నం సహించలేదు. తల్లి జ్ఞానాంబ ఊరడించబోయింది. "మూలల్లేకుంటే మంచిదే కదరా. ఎవురికీ గుచ్చుకోదు బిడ్డ."

పాతకాలం మనిషి! గుచ్చుకోని పిల్ల ఈ పోటీ ప్రపంచంలో ఎట్లా బతుకుతుందండీ?

మరునాడే ప్రిన్సిపాల్ మునిప్రసాద్ ముందు వాలాడు. ఆయన ఎంతో ఓర్పుతో బోర్డు మీద గీసి చూపించాడు.

"చూడండి సార్. మామూలు చదువు సర్కిల్. స్కూలయినాక పాప నేర్చుకునే ఒక్కో స్పెషల్ కోర్సు ఒక్కో సైడు. రెండు సైడ్లు కలిసేచోట ఒక మూల."

"అయితే ఒక కోర్సులో చేర్పిస్తా సార్."

"ఒకటైతే అది గీతే అవుతుంది, షేపు కాదు."

"రెండు?"

"రెండు గీతలు యాడ కలిపినా ఒకపక్క తెరుచుకొనే ఉంటాది సార్. తెరుచుకొని ఉండేదానికి మా దగ్గర సెక్షన్ లేదు. కనీసం మూడు కావాల."

ఇందులో తప్పు పట్టగలరా? జామెట్రీ జామెట్రీయే! అబాకస్, కీబోర్డు, హ్యాండ్‌రైటింగ్. నందిని ట్రయాంగిల్ అయింది. ఆ రోజు బేకరీకి వచ్చినవాళ్లందరికీ ఢిల్లీబాబు కేకు పంచాడు, త్రికోణాలుగా కోయించి మరీ.

తర్వాత కరాటే. అరగంట చాలేమో అన్నాడు ఢిల్లీబాబు. ప్రిన్సిపాల్ ఉలిక్కిపడ్డాడు. మూడు సైడ్లు పొడుగై ఒకటి పొట్టిదైతే ట్రెపీజియం తయారవుతుందట! స్క్వేర్ కావాలంటే నాలుగూ సమానంగా ఉండాలి. సరే, పూర్తి గంట. స్పోకెన్ ఇంగ్లీషు కలిపితే పెంటగన్. గంగాధరం ఈ బేకరీలో పఫ్ తినడం మానేశాడు. ఆ ఉత్సాహంలో మెమరీ ట్రైనింగూ చేర్చేసరికి మన నందిని హెక్సగన్!

మెమరీ ట్రైనింగ్ అనేది ఒకటుందన్న సంగతే ఆ పిల్ల మర్చిపోతూ ఉండేది. అది వేరే విషయం.

లాభాలు చూడండి! ఇంట్లో అల్లరి లేదు. గోడల మీద పిచ్చిగీతలు లేవు. కొన్న బొమ్మలు కొన్నట్టే మెరుస్తున్నాయి. జ్ఞానాంబకు మనవరాలు ఎప్పుడు చూసినా నిద్రపోతూనే కనిపిస్తోంది కాబట్టి కథలు చెప్పే శ్రమా తప్పింది. ఇన్ని సుఖాలు ఏ సర్కిల్ పిల్ల ఇవ్వగలదు?

పిల్లల ప్రతిభను తల్లిదండ్రులకు చూపించే రోజు వచ్చింది. ఇస్త్రీ చొక్కాతో ఢిల్లీబాబు ముందు వరసలో కూర్చున్నాడు. రూపశ్రీ మిస్ ఒక పెద్ద అట్ట మీద గీసిన హెక్సగన్‌ను నందిని చేతికిచ్చింది.

"సైడ్లు లెక్కపెట్టి, ఇది ఏ షేపో చెప్పు తల్లీ."

నందిని ఒక భుజం మీద వేలు పెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." ఆరు వచ్చింది. చప్పట్లకు చేతులు లేచాయి.

"ఏడు," అంది నందిని.

చేతులు గాల్లోనే ఆగాయి. వేలు మాత్రం ఆగలేదు. మొదటి భుజం మీదికి మళ్లీ వచ్చి చుట్టూ తిరుగుతోంది. "ఎనిమిది, తొమ్మిది, పది..." రూపశ్రీ మిస్ దగ్గింది. గంగాధరం కూడా దగ్గాడు, కాస్త సంతోషంగా. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి, వేలు తిరుగుతూనే ఉంది. ఇరవై దాటాక తల ఎత్తింది. మిస్ వైపు కాదు, ముందు వరస వైపు.

"యాడ నిలపాల నాయనా?"

మొదలుపెట్టినచోటికి రాగానే ఆపాలని మిస్ చెప్పిన రోజు ఆ పిల్ల బెంచీ మీద నిద్రపోతోంది. నిద్రపోక ఏం చేస్తుంది?

ఢిల్లీబాబు లేచి వెళ్లి అట్ట పక్కన పెట్టి, కూతుర్ని ఎత్తుకున్నాడు. "చాలు బిడ్డా. ఈడ్నే నిలిపేద్దాం," అన్నాడు. నాలుగడుగులు వేసేలోపే ఆ పిల్ల ఆయన భుజం మీద నిద్రపోయింది.

ఆరు కోర్సులూ మాన్పించేశాడు. రెండు రోజులకు మునిప్రసాద్ బేకరీకే వచ్చాడు. లోపల మైదా మూట మీద కూర్చుని నందిని కాళ్లూపుకుంటూ రోడ్డు మీద లారీలు చూస్తోంది.

"పాప ఏం చేస్తా ఉండాది సార్?"

"ఏమీ లేదు సార్. ఊరికే కూసోనుండాది."

"ఊరికేనా? అంత సంతోషంగానా?"

"అవును సార్. మాకూ సంతోషంగానే ఉండాది."

ప్రిన్సిపాల్ చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. ఆయన మొహం మెత్తబడింది. మనిషి మారిపోయాడనుకుని ఢిల్లీబాబు టీ తెప్పించాడు, పక్కన రెండు బిస్కెట్లూ పెట్టాడు.

సోమవారం స్కూలు గేటుకు కొత్త ఫ్లెక్సీ వేలాడింది. "ఊరికే కూర్చోవడంలో ప్రత్యేక శిక్షణ. అనుభవజ్ఞులైన అధ్యాపకులు. సీట్లు పరిమితం. మీ చిన్నారికి మరో సైడు!"

తెల్లారకముందే వచ్చి లైన్లో మొదట నిలబడ్డది గంగాధరం. ఆయనకు ఒక్కటే సందేహం.

"హోంవర్కు గట్టిగా ఇస్తారు కదా సార్?"