కలబందకు సన్మానం

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొండ కింద మడుగు ఒక్కటే మిగిలింది. జంతువులన్నీ అక్కడే తాగేవి. ఐరావతమ్మ అనే ఏనుగు అందులోంచే తొండంతో నీళ్ళు మోసుకెళ్ళి, కొండమీద సింహంగారి గుహ ముందున్న రాతితొట్టి నింపేది. మడుగు రోజురోజుకూ తరిగిపోతోంది.

"తొట్టి ఎండిందో, నీ తోలు ఎండబెడతాను," అన్నారు సింహంగారు, సలహాదారు నక్క నాగభూషణంతో.

ఎవరికైనా ఉండేది ఒక్క తోలే కదా. నాగభూషణం ఏం చేయాలో తోచక తల పైకెత్తితే, దిష్టి తగలకుండా గుహ గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసిన కలబంద కనిపించింది. మట్టి లేదు, నీళ్ళు లేవు. అయినా పచ్చగా ఉండి, కొత్త మట్ట కూడా వేసింది.

మర్నాడే సభ పెట్టించాడు. కలబందకు దండ వేసి, శాలువా కప్పి, 'ఆదర్శ పౌరుడు' బిరుదు ఇప్పించాడు. శాలువా ముళ్ళకు పట్టుకుని చిరిగింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"చూశారా, ఇది ఏనాడైనా నీళ్ళడిగిందా? గొణిగిందా? రేపట్నుంచి అందరూ కలబందలాగే ఉండాలి. మడుగు ఇక దర్బారుకే," అన్నాడు.

"దాని ఒంట్లో గుజ్జుంది బాబూ. మా ఒంట్లో ఎముకలే గదా," అంది జింక కనకరత్నం.

"అసూయ పనికిరాదమ్మా," అన్నాడు నాగభూషణం.

ఐరావతమ్మ నిదానంగా అడిగింది. "అన్నిట్లోనూ దానిలాగే ఉండాలా బాబూ?"

"పొల్లు పోకుండా."

"చిత్తం."

మర్నాడు పొద్దెక్కినా తొట్టిలో చుక్క నీరు పడలేదు. నాగభూషణం పడుతూ లేస్తూ కొండ దిగాడు. మడుగు నడుమ ఐరావతమ్మ మోకాలిలోతు నీళ్ళల్లో నిలబడి ఉంది. చుట్టూ జింకలు, దుప్పులు, కాపలాకు పెట్టిన కోతులతో సహా. ఎవరూ కదలడం లేదు.

"నీళ్ళు మొయ్యవేం?" అన్నాడు.

"కలబంద మొయ్యదు గదా బాబూ," అంది ఐరావతమ్మ.

"అయితే ముందు బయటికి రా."

"పెట్టిన చోటే ఉంటుందండీ అది. మేం ఇక్కడ నాటుకున్నాం."

అందరినీ తరిమెయ్యమని కోతులకు చెప్పాడు. అవి చెవిన వేసుకోలేదు. పాపం, దాహం వాటికీ ఉంది.

నాలుక పిడచకట్టుకుపోయిన సింహంగారు పైనుంచి గర్జించారు. "తోలు సంగతి తర్వాత చూద్దాం. ముందు నీళ్ళు తే."

నాగభూషణం పుక్కిటినిండా నీళ్ళు పట్టుకుని కొండెక్కడం మొదలెట్టాడు. సగం ఎక్కేసరికి ఎండకు గొంతు ఆర్చుకుపోయి, ఆ నీళ్ళు తనే మింగేశాడు. మళ్ళీ దిగాడు. ఇప్పటికీ ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు.

నీతి: జనానికి ఆదర్శంగా ఎప్పుడూ గాడిదనే చూపించాలి, కలబందను చూపిస్తే చాకిరీ మన నెత్తిన పడుతుంది.