కిషన్‌రావుకు తక్లీఫేం లేదు

ఆ రోజు పొద్దున్నే అహేరి వెళ్లి పన్ను పీకించుకోవాలని కిషన్‌రావు గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఎడమ దవడ బూరెలా పొంగింది. వారం నుంచి గంజి తప్ప ఏదీ గొంతు దిగలేదు. మర్నాడేమో బావమరిది ఇంట్లో మేకపోతును కోస్తున్నారు. ఆ కూర ముందు గంజి గ్లాసుతో కూర్చోవడం కంటే సన్యాసం మేలనుకున్నాడు.

అతనికో ఊతపదం ఉంది. ఇబ్బందైనా, నొప్పైనా, ఎవరేమడిగినా "తక్లీఫేం లేదు" అంటాడు. మాట ముందు బయటపడుతుంది, బుద్ధి తర్వాత తీరిగ్గా చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఈ సంగతి అతనికీ తెలుసు. తనను తాను తిట్టుకోని రోజు లేదు.

సిరొంచలో బస్సెక్కగానే కిటికీ పక్క సీటు దొరికింది. ఇంతలో ఓ ముసలామె కోళ్లగంపతో ఎక్కింది.

"కొడుకా, జర ఈ గంప పట్టుకుంటవా?"

"తక్లీఫేం లేదు పెద్దమ్మా."

"నీ జాగల నేను కూసోనా మరి?"

"తక్లీఫేం లేదు."

అలా గంప మోస్తూ అహేరి దాకా నిలబడ్డాడు. పక్కనే ఉన్న భార్య ఆగమ్మ పళ్లు కొరికింది. ఆమె పళ్లు బాగానే ఉన్నాయి.

పళ్ల డాక్టరు దగ్గర "అన్నా, ముందుగాల మేం పోవచ్చా?" అన్నవాళ్లందరికీ దారిచ్చి, అందరికంటే ఆఖర్న లోపలికి వెళ్లాడు.

"ఏం తక్లీఫ్?" అన్నాడు డాక్టరు.

"తక్లీఫేం లేదు సార్."

"మరెందుకొచ్చినవ్?"

కిషన్‌రావుకు తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది. కొరకడానికి దవడ ఒప్పుకోలేదు.

"పన్ను నొప్పి సార్!" ఆగమ్మ అందుకుంది. "ఆయన మాట నమ్మకుండ్రి, కండ్లు చూడుండ్రి."

డాక్టరు ఒక్కో పన్నూ తడుతూ "ఇక్కడ?" అని అడిగాడు. అసలు పన్ను దగ్గర ప్రాణం పోయినంత పనైంది. అయినా పాడు నోరు "తక్లీఫేం లేదు" అనే అంది. కన్నీళ్లు బయల్దేరాయి గానీ, అవీ కిషన్‌రావువే కదా, మొహమాటపడుతూ వచ్చాయి. చెంప మీదికి జారేసరికి డాక్టరు పక్క పన్ను మీదికి వెళ్లిపోయాడు.

"అదే సార్, అదే!" అని అరిచింది ఆగమ్మ.

"ఇది పీకేస్తే తక్లీఫ్ లేదు గద?"

కిషన్‌రావు ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

సూదిమందుకు దవడంతా మొద్దుబారింది. పన్ను ఊడింది. వారం తర్వాత మొదటిసారి నిజంగానే నొప్పి లేదు. "నీ అసొంటి ధైర్యవంతుని నేను చూడలే" అని డాక్టరు ఆ పన్నును కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. కిషన్‌రావు ఛాతీ రెండింతలైంది.

తిరుగు బస్సు సగం దూరం పోయేసరికి మత్తు దిగింది. కిషన్‌రావు వేలితో తడుముకుని గావుకేక పెట్టాడు.

"ఏమే, తక్లీఫున్నదే! శానా ఉన్నది! అసలు పన్ను లోపల్నే ఉన్నదే!"

"పీకినంక జరంత గట్లనే ఉంటదని సార్ చెప్పిండు. గింత దానికే లొల్లి చేస్తవేంది? ఊకో!"

మంచి పన్ను జేబులోనూ, చెడ్డ పన్ను నోట్లోనూ పెట్టుకుని కిషన్‌రావు సిరొంచలో బస్సు దిగాడు.