టైలరుగారి ప్యాంటు సాక్ష్యం

ఆ ఉదయం టైలరుగారు పెట్టుకున్న పని ఒక్కటే: స్నానం చేసి, బూడిదరంగు ప్యాంటు వేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నన్ను కోసెయ్యండి" అని చెప్పి రావడం.

మూడు నెలల కిందట ఆ డాక్టరే ఆయన ముందు రెండు దారులు పెట్టాడు. ఆపరేషన్ చేసి పొట్ట చిన్నది చేస్తే బరువు బాగా తగ్గుతుంది, షుగరూ చాలావరకు అదుపులోకొస్తుంది. కానీ కోత కోతే, ఆపైన జన్మంతా విటమిన్లు మింగాలి. వారం వారం ఇంజెక్షన్, తిండి కట్టడి, నడక అయితే కోత ఉండదు. కానీ అంతా నిదానం, మానేస్తే బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. రోజంతా కత్తెరతో బతికే మనిషికి తన ఒంటి మీద కత్తి అనేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో దారి పట్టాడు. మూడు నెలల్లో గుణం కనిపించకపోతే మాత్రం ఆపరేషనే అని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ రోజు డాక్టరు బరువు రాసుకున్నాక, మళ్ళీ తూచుకోమంటే టైలరుగారు ససేమిరా అన్నాడు. "మిషన్లు అబద్ధం చెప్తాయి. నా చేత్తో కుట్టిన ప్యాంటు చెప్పదు." రోజూ పొద్దున్నే ఆ బూడిదరంగు ప్యాంటు హుక్కు పెట్టి చూసుకోవడమే ఆయన పరీక్ష.

మొదటి నెలంతా హుక్కు ఎప్పటిలాగే పట్టింది. రెండో నెలలో ఊపిరి బిగబడితే గానీ పట్టలేదు.

"ఉడకబెట్టిన బీన్స్ తిని ఎవరైనా లావెక్కుతారా?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

"కాస్త ఓపిక పట్టండి," అంది ఆవిడ, ఎటో చూస్తూ.

ఓపికట! ఆయన రాత్రి భోజనం సగానికి సగం తగ్గించాడు. ఉదయం నడకకు తోడు సాయంత్రం నడకా మొదలెట్టాడు. ఆకలితో కళ్ళు తిరిగి ఒక పెద్దమనిషి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టి, ఆయన చేత చివాట్లు తిన్నాడు. ఇంత చేసినా ప్యాంటు ఇంకా బిగిసింది.

చివరికి బావమరిది దిగాడు. "బావా, మందులు నీ ఒంటికి పడవు. మా ఆఫీసులో ఒకాయన ఆపరేషన్ చేయించుకుని సగమయ్యాడు. నువ్వు ఊఁ అను, మిగతాది నేను చూసుకుంటా," అని, ఈయన ఊఁ అనకముందే డాక్టరుకు ఫోన్ చేసేశాడు. తల్లి, "నా బిడ్డని కోస్తార్రా!" అని శోకాలు పెట్టింది. గడువు తీరింది, ఇక తప్పదని టైలరుగారూ ఊఁ అన్నాడు. అలా ఆ ఉదయం నలుగురూ కలిసి డాక్టరు గదిలోకి వచ్చిపడ్డారు.

"ముందు మిషనెక్కండి," అన్నాడు డాక్టరు.

"ఎందుకు సార్? ఇదిగో సాక్ష్యం," అని టైలరుగారు తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న హుక్కు చూపించాడు. డాక్టరు వినలేదు. ఎక్కించాడు. మూడు నెలల కిందట రాసుకున్న లెక్కకి పధ్నాలుగు కిలోలు తగ్గాడు.

"మీ మిషన్ పాడైంది సార్!"

పరీక్షకని బావమరిది ఎక్కాడు. అందరి దగ్గరా దాచుకున్న తన అసలు బరువు అక్షరాలా అందరికీ చూపించి, తలొంచుకుని దిగాడు. మిషన్ లక్షణంగా ఉంది.

తల్లి గొంతు సవరించుకుంది. "ఒరేయ్, తిట్టకు. వెనకాల సంచిలా వేలాడుతుంటే చూళ్ళేక, అప్పుడప్పుడు వెనక కుట్టు కాస్త లోపలికి పట్టాను. టైలరు ప్యాంటే లూజైతే మన దుకాణానికి ఎవడొస్తాడ్రా?"

భార్య అదిరిపడింది. "అత్తయ్యా, మీరూ పట్టారా? నేను పక్క కుట్లు పట్టాను! లూజైతే ఈయన మళ్ళీ తిండి మీద పడతారని. నేను పట్టింది కొంచెమే కదా, అంత బిగిసిందంటే నిజంగానే లావయ్యారనుకున్నా!"

తన ప్యాంటు మీద ఇంకొకరి సూది పడితే ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడని ఇద్దరికీ తెలుసు. అందుకే ఒకరికి తెలియకుండా ఒకరు కుట్టారు. ఆ కుట్టు ఆయన దగ్గర నేర్చుకున్నదే గనక ఆయన కంటికే ఆనలేదు.

"ఆపరేషన్ అక్కర్లేదు. మందులే వాడదాం," అన్నాడు డాక్టరు.

కత్తి తప్పిందని టైలరుగారికి ఏడుపొచ్చినంత సంతోషమైంది. ఆ వెంటనే, తినకుండా వదిలేసిన రాత్రి భోజనాలన్నీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. "అయితే నేను తగ్గింది మీ ఇంజెక్షన్ వల్లా, వీళ్ళ సూది వల్లా?" అని నిలదీశాడు. డాక్టరు తన పొట్ట వంక ఒకసారి, ఆ ప్యాంటు కుట్టు వంక ఒకసారి చూశాడు.

వారం తిరక్కుండా డాక్టరుగారి ప్యాంట్లు రెండు దుకాణానికి వచ్చాయి. కొలతలేమీ ఇవ్వలేదు, పని మాత్రం ఇంట్లో ఆడవాళ్ళ చేతే చేయించమన్నాడు.