అధ్యక్షులవారి డేటాబేస్

ఇకమీదట ప్రపంచంలోని జ్ఞానమంతా చింతామణి బస్టాండు వెనకే దొరుకుతుందని మా కాలేజీ పాలకమండలి అధ్యక్షులు లక్ష్మణప్పగారు ప్రకటించారు. అందుకు కావలసింది ఒక మంచి డేటాబేస్. పరిశోధన వ్యాసాలన్నీ ఒకేచోట వెతికి చదువుకునే ఏర్పాటన్నమాట. ఎంపిక సంఘంలో నన్నూ వేశారు. కన్నడం పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక అడ్డు చెప్పనని వారి నమ్మకం.

భూగోళం లెక్చరర్ సహన పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె మూడు డేటాబేసులు చూపించింది. మన సబ్జెక్టులు దేనిలో ఎక్కువున్నాయి, పూర్తి వ్యాసం దేనిలో తెరుచుకుంటుంది అని చూసుకుని తీసుకోవాలని ఓపికగా వివరించింది. అధ్యక్షులవారు అంతకంటే ఓపికగా విన్నారు.

"అదంతా సరేనమ్మా. నా పేరు దేంట్లో ఉండాది?"

ఇంత సూటి ప్రశ్న మాకు తట్టనందుకు సిగ్గుపడ్డాం. మొదటి రెండింటిలో వారి పేరు లేదు. ప్రజాసేవను గుర్తించని ఆ రెంటినీ సంఘం ఏకగ్రీవంగా తిరస్కరించింది. మూడోది, అన్నిటికంటే ఖరీదైనది, ఒక వ్యాసంలో వారి పేరుందని చూపించింది. ముందు చదివి చూద్దామంది సహన. చందా కట్టకుండా ఎలా చదువుతావని అధ్యక్షులవారు అడిగారు. నిజమే. కట్టేశాం.

ప్రారంభోత్సవానికి బాగేపల్లి నుంచి కూడా వారి పార్టీ కార్యకర్తలు వచ్చారు. కంప్యూటరుకు పూలమాల వేశారు. వ్యాసం తెరిచి, తెలుగులో చెప్పమని సహనకు మైకిచ్చారు. ఆమె మొదటి పేజీ చూసి, ఇంకోరోజు చెబుతానంది. అంత వినయం పనికిరాదన్నారు అధ్యక్షులవారు.

చెప్పింది. ఊరి చెరువు ఎలా మాయమైందో, దానిలో ఎవరి కల్యాణమంటపం లేచిందో వ్యాసంలో ఫోటోలతో సహా రాశారు. అధ్యక్షులవారి పేరు వినబడ్డచోటల్లా కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

అధ్యక్షులవారు కొట్టలేదు. మైకు పక్కకు జరిపి నెమ్మదిగా అడిగారు.

"దీన్ని ఎవరెవరు సదవొచ్చమ్మా?"

"చందా కట్టినోళ్లే సార్."

"ఈ పక్క ఎవరెవరు కట్టినారు?"

"మనమొక్కరమే."

వారి ముఖం మళ్లీ వికసించింది. ఇంత భద్రమైన డేటాబేస్ ఇంకెక్కడా లేదని సభకు చెప్పి, చందా అక్కడికక్కడే పొడిగించారు.

జ్ఞానం ఇప్పుడు మా కాలేజీలో క్షేమంగా ఉంది. పాస్‌వర్డు అధ్యక్షులవారే స్వయంగా దాచి ఉంచారు. మొన్న సహన దానికోసం వెళ్లింది. వారు కాఫీ తెప్పించి, ఆమె చదువు గురించి ఎంతో ఆదరంగా విచారించారు. టాపిక్ ఏమిటన్నారు. ఈ తాలూకా చెరువులని చెప్పింది.

వారు నిజంగానే బాధపడ్డారు.

"చెరువులు ఇంక యాడుండాయమ్మా? పట్టుపురుగుల మీద చెయ్యి సంశోధన."