వెనక్కి నడిచిన వారం

మీ దగ్గర దాచడమెందుకు, జరిగింది జరిగినట్టే చెప్తాను. ఆ ఆదివారం సాయంత్రం బజార్లో ఒక కొట్టు ముందు పొడుగాటి వరస కనిపించింది. వరస కనిపిస్తే నా కాళ్ళు నా మాట వినవు. వెళ్ళి చివర నిలబడ్డాను. నలభై నిమిషాలు నిలబడి, ముందువాళ్ళు అడిగిందే నేనూ అడిగి, రెండు కిలోల సంచీ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతూనే సంచీ మీద బొమ్మ చూసింది.

“ఏవండీ, ఇది చేపల మేత.”

“అవును.”

“మనింట్లో చేపలున్నాయా?”

“లేవు.”

“మరెందుకు తెచ్చారు?”

“అందరూ కొంటున్నారే!”

మిషన్ ఆగిపోయింది. అది ఆగిందంటే మా ఇంట్లో తుఫాను హెచ్చరిక వచ్చినట్టే.

“మీరు పనిచేసేది చెప్పుల షాపులో. వచ్చినవాళ్ళతో రోజుకి వందసార్లు ‘అందరూ ఇవే తీసుకుంటున్నారండీ’ అంటారు. పొద్దస్తమానం ఊరందరి చెవిలో పెట్టే పువ్వు, సాయంత్రానికి మీ చెవిలో మీరే పెట్టుకుంటారేం? మా తమ్ముడు మిమ్మల్ని ‘మంద బావ’ అంటే అనడూ?”

అదీ నా బాధ. బావమరిది సరదాగా పెట్టిన ఆ పేరు బంధువులందరికీ పాకిపోయింది. మొన్న మా అత్తగారు కూడా ఫోన్లో “మంద అల్లుడుగారు కులాసాయేనా?” అని అడిగారట. చేపల మేతైనా సహిస్తాను గానీ, ఆ మాట సహించలేకపోయాను.

“వచ్చే ఆదివారం దాకా వారం రోజులు నా సొంత బుర్రతో బతికి చూపిస్తాను!” అన్నాను.

“చూపిస్తే ఆ పేరు ఇంకెవరి నోటా రాకుండా నేను చూసుకుంటాను. చూపించలేకపోతే ఏడాదిపాటు గిన్నెలు మీరు తోమాలి.”

“సరే!” అన్నాను, వంటింట్లో గిన్నెలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోకుండానే.

సోమవారం అందరూ ఎక్కిన బస్సు ఎక్కలేదు. షాపుకి గంట ఆలస్యం, యజమాని చేత చీవాట్లు. మంగళవారం వాన కురిస్తే అందరూ గొడుగులు విప్పారు, నేను విప్పలేదు. సొంత బుర్ర తడిసి ముద్దయి, రాత్రంతా తుమ్మింది.

బుధవారం పొద్దున రోజూలాగే పార్కులో నడుస్తున్నాను. బూటు లేసు ఊడితే వంగాను. వెనకాల పర్రుమంది.

“ఆ ప్యాంటు కుట్టు పిగిలేలా ఉంది, ఇలా ఇవ్వండి” అని ఆవిడ నాలుగు రోజులుగా మొత్తుకుంటోంది. రేపు, రేపు అంటూ వచ్చాను. పార్కులో సగంమంది బట్టలు మా ఆవిడ కుట్టినవే. దర్జీ మొగుడి ప్యాంటు చిరిగిందని తెలిస్తే ఆవిడ పరువేం కాను? అందరూ ఒకే దిక్కుకి నడిచే బాట అది. ముందున్నవాళ్ళతో బెంగ లేదు, చిక్కంతా వెనక వచ్చేవాళ్ళతోనే. చటుక్కున వాళ్ళవైపు మొహం తిప్పి, వెనక్కి నడవడం మొదలుపెట్టాను.

ఎదురుగా రిటైరైన హెడ్మాస్టారు. “ఏమిటయ్యా ఈ నడక?”

“మోకాళ్ళకి మంచిదండీ” అన్నాను. అక్కడితో ఆగానా? అలవాటైన నోరు కదా! “ఇప్పుడు అందరూ ఇలాగే నడుస్తున్నారండీ!”

మాస్టారు గిర్రున తిరిగారు. ఆయన్ని చూసి పళ్ళ డాక్టరుగారు తిరిగారు. డాక్టరంతటివాడే తిరిగాక ఇంక మిగతావాళ్ళు ఆగుతారా? శుక్రవారానికి పార్కు పార్కంతా వెనక్కి నడుస్తోంది. ఒకావిడ వెనక దారి చూసుకోవడానికి చేతి అద్దం తెచ్చుకుంది. మర్నాటికి పాతిక అద్దాలు వచ్చాయి.

శనివారం పళ్ళ డాక్టరుగారు వెనక్కి వెనక్కి వచ్చి చెత్తకుండీలో కూలబడ్డారు. వెనకాలే వచ్చినాయన, అదీ వ్యాయామమే కాబోలనుకుని, తన వంతు కోసం పక్కన నిలబడ్డాడు.

ఇంటికొచ్చి మీసం మెలేశాను. “చూశావా? నేనెవరి వెనకా పోలేదు. ఊరే నా వెనక పడింది!”

“వెనక్కి నడిచేవాడి వెనక ఎవరుంటారండీ?” అంటూ ఆవిడ మాసిన బట్టల బుట్టలోంచి ఆ ప్యాంటు పైకి తీసింది. చిరుగులోంచి నాకేసి చూసింది. “ఈ ఆలోచన మీది కాదు, దీనిది.”

“ప్యాంటు నాదేగా!”

ఆవిడ పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. “సరే, ఒప్పుకున్నాను. గడువు ఇంకా ఒక రోజుంది. రేపు నేనూ వస్తాను.”

ఆదివారం ఆవిడ పార్కుకి వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరినీ వెక్కిరించలేదు. మామూలుగా, చేతులూపుకుంటూ, ముందుకి నడిచింది.

“అమ్మాయ్, నువ్వు తిరగలేదేం?” అన్నారు మాస్టారు, ఆవిడ ముందు వెనక్కి నడుస్తూ.

“నాకు ఎటు పోతున్నానో చూసుకుంటూ నడిస్తేనే బాగుంటుంది మాస్టారూ.”

మాస్టారు నాలుగడుగులు ఆలోచించారు. “నిజమేనమ్మా, మూడు రోజులుగా మెడ పట్టేసింది” అని తిరిగిపోయారు. ఆయన్ని చూసి డాక్టరుగారు, డాక్టరుగార్ని చూసి అద్దాలవాళ్ళు. ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి పార్కంతా ముందుకి తిరిగింది.

మిగిలింది నేనొక్కణ్ణే. అరవై మొహాలు నాకేసి నడిచి వస్తున్నాయి. అందరి కళ్ళూ నామీదే. ఆ రోజు తొడుక్కున్నది కొత్త ప్యాంటు, ఒక్క కుట్టు కూడా ఊడలేదు. అయినా ఒంటిమీద నూలుపోగు లేనట్టు సిగ్గేసింది. చెమటలు పట్టాయి. ఒక్క రోజు, ఒక్క గంట ఓపిక పట్టు అని కాళ్ళకి నచ్చజెప్పాను. వింటేగా! నాకు తెలియకుండానే తిరిగిపోయాను.

మా ఆవిడ నా పక్కకి వచ్చింది. “మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?”

“లేవే, బాగానే ఉన్నాయి.”

“మెడ పట్టేసిందా?”

“లేదు.”

“మరెందుకు తిరిగారు?”

నోరు మూసుకుని ఉంటే పోయేదానికి, “అందరూ తిరిగారు కదే!” అనేశాను.

ఆవిడ నవ్వలేక బెంచీ మీద కూలబడిపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ నవ్వుతోంది కదా అని మాత్రం కాదు సుమండీ. మంద బావ అన్న పేరు స్థిరపడిపోయినా, ఆవిణ్ణి అలా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వించి ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు రోజూ గిన్నెలు నేనే తోముతున్నాను. వంటింటి కిటికీ బార్లా తెరిచి, వీధిలోకి వినబడేలా ఈల వేస్తూ, ఇంతకన్నా సుఖం లేదన్నట్టు తోముతున్నాను. నిన్న ఎదురింటాయన తలెత్తి చూశాడు. “చేతులకి భలే వ్యాయామమండీ!” అన్నాను ఆశగా. ఆయన కిటికీ మూసేసుకున్నాడు. పక్కింటాయన తెర లాగేసుకున్నాడు.

ఏమిటో మరి, ఈ ఒక్క విషయంలో మాత్రం మా వీధిలో మగాళ్ళందరూ సొంత బుర్రతోనే ఆలోచిస్తున్నారు.