బావ కాలూ, సంఘం గౌరవమూ

మానవజాతి ఇంతకాలం బతికి బట్టకట్టడానికి మందులూ మాత్రలూ కారణమనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అసలు కారణం సంఘాలు. వైద్యం సంగతి దేవుడెరుగు, రోగి పోయినా సంఘం ఉంటుంది, దానికో అధ్యక్షుడు ఉంటాడు, ఆయన చదవడానికో సంతాప తీర్మానం ఉంటుంది. మా ఊరి వైద్యుల సంఘం ఇలాంటి వాటన్నిటిలోకీ ఉత్తమమైనది. (ఈ మాట నాది కాదు. సంఘమే తన గోడ మీద రాయించుకుంది.)

ఈ సంఘానికి రెండు ఉపసంఘాలు. వైద్యుల ఘనతను లోకానికి చాటేది ప్రచార ఉపసంఘం. వైద్యుల తప్పొప్పులు విచారించేది పర్యవేక్షణ ఉపసంఘం. రెండింటికీ గది ఒకటే, బల్ల ఒకటే, కన్వీనరు కూడా ఒక్కరే, చర్మ డాక్టరు గారు. ఆయన కిటికీ వైపు కూర్చుంటే ప్రచారం, బీరువా వైపు కూర్చుంటే పర్యవేక్షణ. కిటికీ వైపు గాలి బాగా వస్తుంది కనుక సంఘంలో ఎక్కువగా ప్రచారమే జరుగుతుంటుంది.

ఇంత చక్కటి ఏర్పాటు మధ్యకి నేనూ మా అక్కా చెరో రెక్కా పట్టుకుని మా బావను మోసుకెళ్ళాం.

బావ దర్జీ. కొట్టులో స్టూలు మీంచి పడితే ఎడమకాలి ఎముక చిట్లింది. ఎముకల డాక్టరు గారు ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూనే కుడికాలికి పిండికట్టు వేసేశారు. ఎంత ముచ్చటగా వేశారంటే, తప్పు పట్టడానికి మనసొప్పదు. తిరిగి ఆయన దగ్గరికే వెళ్ళాం. "కట్టులో ఏమైనా లోపం ఉందా?" అని అడిగారు. కట్టులో లేదన్నాం. "మరింకేం" అన్నారు, తర్వాతి రోగిని పిలుస్తూ.

ఇప్పుడు బావకు ఒక కాలు విరిగింది, రెండోది కదలదు. మిషను తొక్కడానికి మూడో కాలు లేదు. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టివ్వకపోతే ఆర్డరు కాస్తా ఎదురుకొట్టు దర్జీకి పోతుంది. దేనికీ చలించని మనిషి, ఆ నీలం గుడ్డ గుట్టను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే సంఘానికి తీసుకెళ్ళాను.

"చెప్పండి, ఏమిటి ఫిర్యాదు?" అన్నారు చర్మ డాక్టరు గారు, బీరువా వైపు కుర్చీలోంచి.

"ఎముకల డాక్టరు గారు మా ఆయనకి..." అని అక్క మొదలుపెట్టిందో లేదో, ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"ఆగమ్మా, ఆగు. ఏ డాక్టరో చెప్పకూడదు. నలుగురిలో ఒక డాక్టరు ప్రస్తావన తెస్తే మా నియమావళి ప్రకారం అది ప్రచారం. దానికి ప్రచార ఉపసంఘం అనుమతి ఉండాలి."

"అయితే ఆ అనుమతేదో అడగండి బాబూ."

ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కిటికీ వైపు కూర్చున్నారు. గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించారు. మళ్ళీ లేచి ఇటు వచ్చి విచారంగా తల ఊపారు.

"ఒప్పుకోవట్లేదమ్మా. ఆయన చాలా కచ్చితమైన మనిషి."

"పోనీ, డాక్టరు ఎవరో చెప్పకుండానే రాసుకోండి" అన్నాను నేను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

అదే కొంపముంచింది. "ఒకానొక డాక్టరు" మీద ఫిర్యాదు నమోదైంది. ఒకానొక డాక్టరంటే ఎవరైనా కావచ్చు కనుక, పళ్ళ డాక్టరు, పిల్లల డాక్టరమ్మ సహా ఊళ్ళో డాక్టర్లందరూ నిందితులయ్యారు. నిందితులు తమ కేసు తాము విచారించకూడదు కనుక, విచారించేవాళ్ళు లేకపోయారు. విచారణ తేలేదాకా నిందితులు బాధితుణ్ణి ముట్టుకోకూడదు కనుక, కట్టు విప్పేవాళ్ళూ లేకపోయారు. పైగా ఆ కట్టు సాక్ష్యం. అది తడవకుండా, చెదరకుండా కాపాడే బాధ్యత బావ మీద పడింది.

"మరి ఈ ఊళ్ళో నిందితుడు కానివాడు ఎవడున్నాడండీ?" అన్నాడు బావ నీరసంగా.

చర్మ డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. "మీరున్నారుగా!"

ఆ విధంగా మా బావ తన కాలి కేసుకు తానే విచారణాధికారి అయ్యాడు. చొక్కాకు బ్యాడ్జీ తగిలించారు. అధికారి నిష్పక్షపాతంగా ఉండాలి కనుక, తన కాళ్ళ మీద తనకు ఎలాంటి అభిప్రాయమూ లేదని ప్రమాణం చేయించారు. చర్మ డాక్టరు గారు హడావిడిగా కిటికీ వైపు వెళ్ళి ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో వచ్చింది: "నిలబడలేని స్థితిలోనూ అధికారిగా ఎదిగిన రోగి. వైద్యుల సంఘం కృషి ఫలితం." (ఇందులో ఒక్క అబద్ధం లేదు. అదీ వాళ్ళ గొప్పతనం.)

బావ ఇంటికొచ్చి నిజంగానే విచారణ మొదలుపెట్టాడు. బ్యాడ్జీ అలాంటిది. మొదటి సాక్షిగా తన్ను తానే పిలుచుకుని, "నువ్వు ఏ కాలు చూపించావో గుర్తుందా?" అని గద్దించి, జవాబు చెప్పలేక తడబడుతుంటే అక్క చూసింది.

"ఇక చాల్లే గానీ, కాలు ఇలా పెట్టు."

"సాక్ష్యమే, సాక్ష్యం!"

"నీ సాక్ష్యం తగలెయ్య!"

గుడ్డలు కోసే పెద్ద కత్తెర తీసింది. కుడికాలి కట్టును, చొక్కా కుట్లు విప్పినంత ఒద్దికగా, నిలువునా రెండు చిప్పలుగా కోసి తీసింది. ఆ రెండు చిప్పలూ పారెయ్యడానికి చేతులు రాక, ఎడమకాలికి అటొకటి ఇటొకటి పెట్టి యూనిఫారం పీలికలతో బిగించి ముడేసింది. (వాళ్ళ వృత్తిలో దీన్ని ఆల్టరేషన్ అంటారు.) కాస్త వంకరగా కూర్చుంది గానీ, కూర్చుంది. బావ కుడికాలితోనే మిషను తొక్కాడు. యూనిఫారాలు బడికి చేరాయి. ఎడమకాలు కూడా ఏ ఉపసంఘం అనుమతీ అడక్కుండా మెల్లగా అతుక్కుంది.

సంఘం ఉలిక్కిపడింది. రెండు ఉపసంఘాలూ తొలిసారి కలిసి కూర్చున్నాయి, అంటే చర్మ డాక్టరు గారు బల్ల మధ్యలో కుర్చీ వేసుకున్నారు. ఇంతకాలానికి దోషి దొరికింది. మా అక్క డాక్టరు కాదు కనుక ఆమె ప్రస్తావన ప్రచారం కిందికి రాదు. ఇక ఎవరు ఆపుతారు? మైకు కట్టిన బండి వీధి వీధీ తిరిగింది: "ఫలానా వీధిలో, ఫలానా దర్జీ కొట్టులో, ఏ అర్హతా లేని ఒక మహిళ విరిగిన కాళ్ళు బాగుచేస్తోంది. ప్రజలు గమనించగలరు!"

ప్రజలు గమనించారు. తెల్లారేసరికి కొట్టు ముందు జనమే జనం, కర్రలతో, కుంటుతూ, మంచాల మీద. అందరికన్నా ముందు నిలబడ్డది ఎముకల డాక్టరు గారి సొంత అత్తగారు.

"కాలు ఒకటే సలుపు అమ్మాయ్. మా అల్లుడికి మాత్రం తెలియనివ్వకు" అందావిడ గొంతు తగ్గించి.

అక్కకు చెమటలు పట్టాయి. వైద్యం తనకేం తెలుసని? ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగింది.

"ఏ కాలండీ, పిన్నిగారూ?"

పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళలో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివేనమ్మా" అంది.